అర్ధ చర్యలను గుర్తుపట్టాలంటే ముందు మూలకాన్ని పట్టుకోండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను. మీరు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నారు. ఆక్సీకరణ సంఖ్యలు, అంటే సమ్మేళనంలో ఒక్కో మూలకానికి మనం లెక్క కోసం ఇచ్చే ఆవేశాలు, వేయడం వచ్చు. కానీ పూర్తి సమీకరణం ఇచ్చి రెండు అర్ధ చర్యలు (ఎలక్ట్రాన్లు వదిలే సగం, తీసుకునే సగం) రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి లెక్కల్లో ఆక్సిజన్ అన్ని చోట్లా కనిపిస్తోంది. క్లోరిన్ ఒక్కటే రెండు పాత్రలూ వేస్తే అయోమయంగా ఉంటోంది. నాలుగు ఆప్షన్లలో అర్ధ చర్యలు ఇచ్చి ఏది క్షయకరణమో (ఎలక్ట్రాన్లు తీసుకోవడం), ఏది ఆక్సీకరణమో (ఎలక్ట్రాన్లు వదలడం) చెప్పమన్నా తడబడుతున్నారు. వీటన్నిటికీ మూలం ఒకటే. అది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక్కడ ఫార్ములాలు పేర్లతోనే రాస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని, ప్రతి సమీకరణానికీ మీరే ఫార్ములాలు రాసుకుంటూ చదవండి. ఊరికే చదివితే ఈ విషయం పట్టుబడదు.

అర్ధ చర్య అంటే ఒక మూలకం కథ. ఒక సమ్మేళనం కథ కాదు. ఎడమవైపు ఏ మూలకం ఒక ఆక్సీకరణ సంఖ్యతో ఉందో, కుడివైపు అదే మూలకం ఇంకో ఆక్సీకరణ సంఖ్యతో ఎక్కడ ఉందో వెతికి, ఆ రెండింటి మధ్య బాణం గీస్తే అర్ధ చర్యకు అస్థిపంజరం తయారవుతుంది. ఇంటర్ పిల్లల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఏమిటంటే, ఎడమవైపు మొదటి పదార్థాన్ని కుడివైపు మొదటి పదార్థంతో, రెండోదాన్ని రెండోదానితో జత చేసేస్తారు. సమీకరణంలో పదార్థాలు రాసే వరుసకు ఏ అర్థమూ లేదు. జింక్‌కు జోడీ జింకే, మాంగనీస్‌కు జోడీ మాంగనీసే. ఇనుమును ఎడమవైపు పెట్టి కుడివైపు మాంగనీస్ రాస్తే అది అర్ధ చర్యే కాదు.

అర్ధ చర్య కాగితం మీద లెక్క కోసం కల్పించుకున్న ఉపాయం అనుకోకండి. 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ తయారుచేసిన ఘటం గురించి మీరు చదివే ఉంటారు. జింక్ కడ్డీ దగ్గర జింక్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలి ద్రావణంలోకి వెళ్తుంది. రాగి కడ్డీ దగ్గర కాపర్ అయాన్ రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని రాగిగా కడ్డీకి అంటుకుంటుంది. ల్యాబ్‌లో ఈ రెండూ వేర్వేరు బీకర్లలోనే జరుగుతాయి. మధ్యలో తీగ గుండా ఎలక్ట్రాన్లు ప్రయాణిస్తాయి, వోల్ట్‌మీటర్ పెడితే సుమారు 1.10 వోల్టులు చూపిస్తుంది. జింక్ కడ్డీని నేరుగా కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచినా జరిగేది అదే పని. కాకపోతే తీగ ఉండదు కాబట్టి ఎలక్ట్రాన్ల బదిలీ మన కంటికి వేరుగా కనిపించదు. ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్య, అంటే ఏ రెడాక్స్ సమీకరణం చూసినా "దీన్ని రెండు బీకర్లలో జరిపితే ఏ బీకర్‌లో ఏముంటుంది?" అని అడగండి. అర్ధ చర్యలు విడదీయడమంటే ఇదే.

ఇప్పుడు ఒక అసలైన లెక్క తీసుకుందాం. పొటాషియం పర్మాంగనేట్, ఫెర్రస్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిస్తే మాంగనస్ సల్ఫేట్, ఫెర్రిక్ సల్ఫేట్, పొటాషియం సల్ఫేట్, నీరు వస్తాయి. మోర్ లవణంతో (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) మీరు ప్రాక్టికల్స్‌లో చేసే టైట్రేషన్‌లో జరిగేది కూడా ఈ చర్యే. ఏడు పదార్థాలు చూడగానే టెన్షన్ వస్తుంది. అందుకే మొదటి పని సమీకరణాన్ని అయాన్లుగా విప్పడం. నీటిలో కరిగే లవణాలనూ బలమైన ఆమ్ల క్షారాలనూ అయాన్లుగా రాయండి. నీరు, వాయువులు, అవక్షేపాలు, మాంగనీస్ డయాక్సైడ్ లాంటి ఘన ఆక్సైడులు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం లాంటి బలహీన ఆమ్లాలు మాత్రం విప్పకుండా అలాగే ఉంచండి. పర్మాంగనేట్, సల్ఫేట్, నైట్రేట్, డైక్రోమేట్ వంటి అయాన్లను లోపలి పరమాణువులుగా ముక్కలు చేయకూడదు. నీటిలో +7 ఆవేశంతో ఒంటరిగా తిరిగే మాంగనీస్ అయాన్ అంటూ ఏదీ ఉండదు. ఆ +7 మనం లెక్క కోసం ఇచ్చే సంఖ్య మాత్రమే.

విప్పాక పొటాషియం అయాన్ రెండు వైపులా పొటాషియం అయాన్‌గానే ఉంది. సల్ఫేట్ రెండు వైపులా సల్ఫేటే. ఈ రెండూ ప్రేక్షక అయాన్లు, కొట్టేయండి. మిగిలినవి ఎడమవైపు పర్మాంగనేట్, ఫెర్రస్ అయాన్, హెచ్ ప్లస్ (హైడ్రోజన్ అయాన్). కుడివైపు మాంగనస్ అయాన్, ఫెర్రిక్ అయాన్, నీరు. ఇప్పుడు జోడీలు కళ్ళకు కనిపిస్తున్నాయి:

ఫెర్రస్ అయాన్ → ఫెర్రిక్ అయాన్
పర్మాంగనేట్ → మాంగనస్ అయాన్

హెచ్ ప్లస్‌నూ నీటినీ ఏ జోడీలో పెట్టాలని ఇప్పుడే ఆలోచించకండి. మీరు ఇరుక్కుంటున్నది ఇక్కడే అని నా అనుమానం. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల ఆక్సీకరణ సంఖ్యలు ఈ చర్యలో మారలేదు. అవి తర్వాత పరమాణువుల లెక్క సరిచేయడానికి వస్తాయి. ముందు మారిన మూలకాన్ని తుల్యం చేయాలి, అంటే రెండు వైపులా దాని పరమాణువుల సంఖ్య సమానం చేయాలి. తర్వాత ఆక్సిజన్ తక్కువైన వైపు నీరు, ఆపైన హైడ్రోజన్ తక్కువైన వైపు హెచ్ ప్లస్ చేర్చాలి. చివరగా ఆవేశం సరిపోయేలా ఎలక్ట్రాన్లు పెట్టాలి. ఆమ్ల యానకంలో ఈ వరుస మార్చవద్దు. పర్మాంగనేట్‌లో నాలుగు ఆక్సిజన్లు ఉన్నాయి కాబట్టి కుడివైపు నాలుగు నీళ్ళు, అందులోని ఎనిమిది హైడ్రోజన్ల కోసం ఎడమవైపు ఎనిమిది హెచ్ ప్లస్‌లు. ఇప్పుడు ఎడమవైపు మొత్తం ఆవేశం +7, కుడివైపు +2. తేడా ఐదు. కాబట్టి ఎడమవైపు ఐదు ఎలక్ట్రాన్లు:

పర్మాంగనేట్ + 8 హెచ్ ప్లస్ + 5 ఎలక్ట్రాన్లు → మాంగనస్ అయాన్ + 4 నీరు
ఫెర్రస్ అయాన్ → ఫెర్రిక్ అయాన్ + 1 ఎలక్ట్రాన్

మాంగనీస్ +7 నుంచి +2కు వచ్చింది, అంటే ఐదు మెట్లు దిగింది. ఆవేశం లెక్కలో వచ్చిన ఎలక్ట్రాన్లు కూడా ఐదే. ఈ రెండు సంఖ్యలూ వేర్వేరు దారుల్లో వచ్చి కలిశాయి కాబట్టి అర్ధ చర్య సరైనదని ధైర్యంగా చెప్పవచ్చు. కలవకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఈ తనిఖీ కోసమే నేను ఆక్సీకరణ సంఖ్యలు వేయమంటాను. ఎలక్ట్రాన్లను మాత్రం ఆవేశం లెక్కతోనే తెచ్చుకోండి.

ఇక ఆప్షన్లలో మీరు తడబడే చోటు. పైన పర్మాంగనేట్ మీద ఆవేశం −1, మాంగనస్ అయాన్ మీద +2. "మైనస్ నుంచి ప్లస్‌కు వెళ్ళింది, ఎలక్ట్రాన్లు పోయాయి, కాబట్టి ఆక్సీకరణం" అని చాలామంది గుర్తు పెట్టేస్తారు. ఇది పూర్తిగా తప్పు. −1 అనేది ఒక మాంగనీస్, నాలుగు ఆక్సిజన్లు కలిసిన మొత్తం గుంపు మీద ఉన్న ఆవేశం. నాలుగు ఆక్సిజన్లవి −8, మాంగనీస్‌ది +7, కలిపితే −1. చర్యలో ఆ ఆక్సిజన్లు హెచ్ ప్లస్‌లతో కలిసి నీరుగా విడిపోయాయి. మాంగనీస్ ఒక్కదాన్నే చూస్తే +7 నుంచి +2కు దిగింది, అది క్షయకరణం. డైక్రోమేట్ −2 నుంచి క్రోమిక్ అయాన్ +3కు వెళ్ళడం, నైట్రేట్ −1 నుంచి తటస్థమైన నైట్రిక్ ఆక్సైడ్‌కు వెళ్ళడం, ఇవన్నీ కూడా క్షయకరణాలే. అయాన్ మీది ఆవేశాన్ని బట్టి నిర్ణయించడం ఫెర్రస్, ఫెర్రిక్ లాంటి ఒంటరి పరమాణువు అయాన్లకే చెల్లుతుంది. చుట్టూ ఆక్సిజన్లు ఉన్న అయాన్ల విషయంలో లోపలి మూలకాన్నే చూడాలి.

మారిన మూలకాన్ని త్వరగా పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. ఒక వైపు ఒంటరి మూలకంగా ఉండి, రెండో వైపు సమ్మేళనంలో ఉన్నది కనిపిస్తే అది తప్పకుండా మారింది. రాగి ముక్క, క్లోరిన్ వాయువు, అయోడిన్, గంధకం, ఆక్సిజన్ వాయువు ఇలాంటివి. అక్కడ సంఖ్యలు వేయాల్సిన పని కూడా లేదు, సున్నా నుంచో సున్నాకో కదిలినట్టే. తర్వాత మాంగనీస్, క్రోమియం, ఇనుము, రాగి వంటి పరివర్తన మూలకాలు చూడండి. ఆ తర్వాత హాలోజన్లు, గంధకం, నైట్రోజన్, కార్బన్. హైడ్రోజన్, ఆక్సిజన్ చివరికి. సమ్మేళనాల్లో ఉన్న సోడియం, పొటాషియం, కాల్షియం, ఫ్లోరిన్ మీద మీ పాఠ్యాంశాల స్థాయిలో సమయం పెట్టనక్కర్లేదు, కరిగించిన లవణాల విద్యుద్విశ్లేషణ వంటి సందర్భాలు తప్ప.

అసలు రెడాక్స్ కాని చర్యను ఇచ్చి మోసం చేసే ప్రశ్నలు కూడా ఉంటాయి. పసుపు రంగు క్రోమేట్‌కు ఆమ్లం కలిపితే నారింజ రంగు డైక్రోమేట్ వస్తుంది. రంగు మారింది, ఆక్సిజన్ల సంఖ్య మారింది, పేరు మారింది. కానీ క్రోమియం రెండింటిలోనూ +6. అర్ధ చర్యలు రాయబోతే ఆవేశం సరిచేయడానికి ఎలక్ట్రాన్ల అవసరమే రాదు. ఇంకా గట్టి ఉచ్చు ఒకటుంది. ఆమ్ల డైక్రోమేట్ ద్రావణానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, ఈథర్‌తో కుదిపితే ఈథర్ పొర నీలిరంగులోకి వస్తుంది. ఆ నీలి పదార్థం ఒక క్రోమియం, ఐదు ఆక్సిజన్లు ఉన్న సమ్మేళనం. అన్ని ఆక్సిజన్లకూ −2 వేస్తే క్రోమియంకు +10 వస్తుంది. క్రోమియం బాహ్య ఎలక్ట్రాన్లు ఆరే కాబట్టి అది అసాధ్యం. నిజానికి ఆ ఐదింటిలో నాలుగు ఆక్సిజన్లు పెరాక్సైడ్ బంధాల్లో −1గా ఉన్నాయి, క్రోమియం +6 దగ్గరే ఉంది. డైక్రోమేట్‌లోనూ +6, పెరాక్సైడ్ ఆక్సిజన్ అప్పుడూ −1, ఇప్పుడూ −1. కాబట్టి ఆ నీలి పదార్థం ఏర్పడటం రెడాక్స్ చర్య కాదు. ద్రావణాన్ని అలాగే వదిలేస్తే నీలిరంగు పోయి ఆకుపచ్చని క్రోమిక్ అయాన్, ఆక్సిజన్ వస్తాయి. రెడాక్స్ జరిగేది ఆ రెండో దశలో.

ఇప్పుడు మీరు అడిగిన హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆమ్ల పర్మాంగనేట్ చర్య. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే అర్ధ చర్యలు ఎందుకు నేర్చుకోవాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఎడమవైపు పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హెచ్ ప్లస్. కుడివైపు మాంగనస్ అయాన్, ఆక్సిజన్ వాయువు, నీరు. పరమాణువులను మాత్రమే లెక్కపెట్టి తుల్యం చేయబోతే ఇలా కూడా రాయవచ్చు:

2 పర్మాంగనేట్ + 1 పెరాక్సైడ్ + 6 హెచ్ ప్లస్ → 2 మాంగనస్ + 3 ఆక్సిజన్ + 4 నీరు

లెక్కపెట్టి చూడండి. రెండు వైపులా ఆక్సిజన్ పరమాణువులు పది, హైడ్రోజన్లు ఎనిమిది, మాంగనీస్ రెండు, ఆవేశం +4. అన్నీ సరిపోయాయి. ఇప్పుడు ఇది చూడండి:

2 పర్మాంగనేట్ + 3 పెరాక్సైడ్ + 6 హెచ్ ప్లస్ → 2 మాంగనస్ + 4 ఆక్సిజన్ + 6 నీరు

ఇదీ సరిపోతుంది. ఐదు పెరాక్సైడ్లతో రాసినా సరిపోతుంది, ఏడుతో రాసినా సరిపోతుంది. పరమాణువులు, ఆవేశం రెండూ కుదిరినా సమీకరణం తప్పు కావచ్చన్నమాట. వీటిలో ప్రయోగశాలలో నిజమయ్యేది ఒక్కటే. ఏదో తెలియాలంటే ఎలక్ట్రాన్లను అడగాలి.

జోడీలు వెతుకుదాం. మాంగనీస్ జోడీ తెలిసిందే. రెండోది ఆక్సిజన్ వాయువు, ఒంటరి మూలకం, సంఖ్య సున్నా. ఇది ఎవరి ఆక్సిజన్? పర్మాంగనేట్‌లోని ఆక్సిజన్ −2, పెరాక్సైడ్‌లోని ఆక్సిజన్ −1. పర్మాంగనేట్‌లో ఆక్సిజన్ పరమాణువు విడిగా ఒక్కొక్కటి మాంగనీస్‌కు అతుక్కుని ఉంది. పెరాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి ముందే బంధంలో ఉన్నాయి. ఆ బంధం తెగకుండానే రెండు హైడ్రోజన్లూ, రెండు ఎలక్ట్రాన్లూ వదిలితే ఆక్సిజన్ అణువు బయటికి వస్తుంది. కాబట్టి వాయువులోని ఆక్సిజన్ మొత్తం పెరాక్సైడ్‌దే, పర్మాంగనేట్ ఆక్సిజన్లు నీటిలోకి వెళ్తాయి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ → ఆక్సిజన్ + 2 హెచ్ ప్లస్ + 2 ఎలక్ట్రాన్లు

దీన్ని ఐదుతో, పర్మాంగనేట్ అర్ధ చర్యను రెండుతో గుణిస్తే ఇటు పది, అటు పది ఎలక్ట్రాన్లు. కలిపితే 2 పర్మాంగనేట్, 5 పెరాక్సైడ్, 6 హెచ్ ప్లస్‌ల నుంచి 2 మాంగనస్, 5 ఆక్సిజన్, 8 నీరు వస్తాయి. పదహారు హెచ్ ప్లస్‌ల నుంచి కుడివైపు పది తీసేస్తే ఆరు మిగిలాయి. మొదట రాసిన సమీకరణంలో రెండు మాంగనీసులకు పది ఎలక్ట్రాన్లు కావాలి, ఒక్క పెరాక్సైడ్ ఇచ్చేది రెండే. అక్కడ మిగతా ఎనిమిదీ నీరు గానీ పర్మాంగనేట్ ఆక్సిజన్ గానీ ఇచ్చినట్టు దొంగలెక్క రాసినట్టవుతుంది. "ఊహించి తుల్యం చేస్తే సరిపోదా?" అని క్లాసులో ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ సమీకరణమే.

అదే పెరాక్సైడ్ ఆమ్ల యానకంలో ఫెర్రస్‌తో కలిస్తే నీరుగా మారుతుంది, ఆక్సిజన్ −1 నుంచి −2కు దిగుతుంది. పెరాక్సైడ్ పేరు చూడగానే ఆక్సీకరణి (ఎలక్ట్రాన్లు తీసుకునేది) అనో క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చేది) అనో ముద్ర వేయకండి. కుడివైపు ఆక్సిజన్ వాయువు ఉందా, నీరు మాత్రమే ఉందా అన్నది చూసి చెప్పాలి.

ఇక క్లోరిన్. వేడి, గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌లోకి క్లోరిన్ పంపితే సోడియం క్లోరైడ్, సోడియం క్లోరేట్, నీరు వస్తాయి. ఎడమవైపు మారే అవకాశం ఉన్నది క్లోరిన్ ఒక్కటే. కుడివైపు అది రెండు చోట్ల ఉంది, క్లోరైడ్‌లో −1, క్లోరేట్‌లో +5. ఇలాంటప్పుడు ఎడమవైపు పదార్థాన్ని రెండు సార్లు రాయడానికి వెనకాడకండి. ఒక క్లోరిన్ కింద క్లోరైడ్ వైపు బాణం, ఇంకో క్లోరిన్ కింద క్లోరేట్ వైపు బాణం.

క్లోరిన్ + 2 ఎలక్ట్రాన్లు → 2 క్లోరైడ్
క్లోరిన్ + 12 ఓహెచ్ మైనస్ (హైడ్రాక్సైడ్ అయాన్) → 2 క్లోరేట్ + 6 నీరు + 10 ఎలక్ట్రాన్లు

మొదటిదాన్ని ఐదుతో గుణించి కలిపి, మొత్తాన్ని రెండుతో భాగిస్తే 3 క్లోరిన్, 6 ఓహెచ్ మైనస్‌ల నుంచి 5 క్లోరైడ్, 1 క్లోరేట్, 3 నీరు వస్తాయి. చల్లని, విలీన క్షారంలో అయితే క్లోరేట్ బదులు హైపోక్లోరైట్ వస్తుంది, అక్కడ క్లోరిన్ +1. దీనికి తిరగబడిన రూపం కూడా ఉంది. అయొడేట్, అయొడైడ్ ఆమ్లంలో కలిస్తే రెండూ అయోడిన్‌గా మారతాయి. +5 నుంచి దిగేది ఒకటి, −1 నుంచి ఎక్కేది ఇంకొకటి, రెండూ సున్నా దగ్గర కలుస్తాయి. ఇక్కడ కుడివైపు పదార్థాన్ని రెండు సార్లు రాయాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ పనిచేసేదీ ఇదే పద్ధతిలో. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఒక ప్లేటు మీద సీసం సున్నా నుంచి +2కు, ఇంకో ప్లేటు మీద లెడ్ డయాక్సైడ్‌లోని సీసం +4 నుంచి +2కు వచ్చి, రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేటే తయారవుతుంది. ఉత్పన్నం ఒకటే కాబట్టి అర్ధ చర్య కూడా ఒకటే అనుకుంటే ఆ బ్యాటరీ మీకు ఎప్పటికీ అర్థం కాదు.

ఒకే పదార్థంలో కొంత భాగం మారి, కొంత భాగం మారకుండా ఉండే లెక్కలు వేరే రకం. రాగి, విలీన నత్రికామ్లం చర్యలో మూడు రాగి పరమాణువులకు ఎనిమిది నత్రికామ్లం అణువులు కావాలి. వాటిలో రెండు నైట్రేట్లు మాత్రమే నైట్రిక్ ఆక్సైడ్‌గా క్షయకరణం చెందుతాయి. మిగతా ఆరు నైట్రేట్లు కాపర్ నైట్రేట్‌లో అలాగే కూర్చుంటాయి. మొదటే అయాన్లుగా విప్పి చేస్తే ఈ సమస్య ఎదురే కాదు:

రాగి → క్యూప్రిక్ అయాన్ + 2 ఎలక్ట్రాన్లు
నైట్రేట్ + 4 హెచ్ ప్లస్ + 3 ఎలక్ట్రాన్లు → నైట్రిక్ ఆక్సైడ్ + 2 నీరు

మూడుతో, రెండుతో గుణించి కలిపితే ఎనిమిది హెచ్ ప్లస్‌లు వస్తాయి. ఆ ఎనిమిదీ నత్రికామ్లం నుంచే రావాలి కాబట్టి ఎనిమిది అణువులు. ఎప్‌సెట్, నీట్ ప్రశ్నల్లో "ఎన్ని మోల్స్ నత్రికామ్లం ఆక్సీకరణిగా పనిచేసింది" అంటే రెండు, "ఎన్ని మోల్స్ ఖర్చయింది" అంటే ఎనిమిది. మాంగనీస్ డయాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్యలో కూడా నాలుగు క్లోరైడ్లలో రెండే క్లోరిన్ వాయువుగా మారతాయి.

ఒక అర్ధ చర్యలో రెండు మూలకాలు ఒకేసారి మారడం కూడా ఉంది. ఐరన్ పైరైట్‌ను (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) గాలిలో భర్జనం చేస్తే, అంటే బాగా వేడి చేస్తే, ఇనుము +2 నుంచి +3కు, రెండు గంధకాలు −1 నుంచి +4కు వెళ్తాయి. ఒక పైరైట్ యూనిట్ ఒకటి, పది కలిపి పదకొండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. వీటిని విడదీసి రెండు ఆక్సీకరణ అర్ధ చర్యలు రాయకూడదు, ఎందుకంటే పైరైట్‌లో ఇనుము, గంధకం 1:2 నిష్పత్తిలో కట్టుబడి ఉన్నాయి, ఒకదాన్ని వదిలి ఇంకొకటి రాదు. ఆక్సిజన్ అణువు నాలుగు తీసుకుంటుంది కాబట్టి 4 పైరైట్‌కు 11 ఆక్సిజన్.

సగటు ఆక్సీకరణ సంఖ్య భిన్నంలో వస్తే భయపడే విద్యార్థులు ఎక్కువ. హైపో (సోడియం థయోసల్ఫేట్), అయోడిన్ చర్యలో థయోసల్ఫేట్‌లోని గంధకం సగటు +2, టెట్రాథయొనేట్‌లో +2.5. భిన్నాన్ని పక్కనపెట్టి పరమాణువులు, ఆవేశం లెక్కతో చేయండి. రెండు థయోసల్ఫేట్ల ఆవేశం −4, ఒక టెట్రాథయొనేట్ ఆవేశం −2. కుడివైపు రెండు ఎలక్ట్రాన్లు పెడితే సరిపోయింది. కార్బన్ సమ్మేళనాలకూ అంతే. ఇథనాల్ ఎసిటిక్ ఆమ్లంగా మారే అర్ధ చర్యలో ఎడమవైపు ఒక నీరు, కుడివైపు నాలుగు హెచ్ ప్లస్‌లు, నాలుగు ఎలక్ట్రాన్లు. ఏ కార్బన్‌కు ఎంత సంఖ్య అని ఆలోచించకుండానే నాలుగు అని తేలిపోయింది. అర్ధ చర్య పద్ధతే ఆక్సీకరణ సంఖ్య పద్ధతి కన్నా మేలని నేను నమ్మడానికి ఇదొక కారణం. పాఠ్యపుస్తకంలో రెండూ ఉంటాయి, పరీక్షలో ఏది అడిగితే అది రాయాలి. కానీ రసాయనశాస్త్రం అర్థం కావడానికి అర్ధ చర్యలే నయం.

క్షార యానకం గురించి ఒక్క మాట. ముందు ఆమ్ల యానకంలో చేసినట్టే హెచ్ ప్లస్‌లతో పూర్తి చేయండి. తర్వాత ఎన్ని హెచ్ ప్లస్‌లు ఉన్నాయో అన్ని ఓహెచ్ మైనస్‌లు రెండు వైపులా చేర్చి, హెచ్ ప్లస్ ఉన్న వైపు నీరుగా మార్చి, రెండు వైపులా ఉన్న నీటిని కొట్టేయండి. పర్మాంగనేట్ మాంగనీస్ డయాక్సైడ్‌గా మారేది ఇలా వస్తుంది:

పర్మాంగనేట్ + 2 నీరు + 3 ఎలక్ట్రాన్లు → మాంగనీస్ డయాక్సైడ్ + 4 ఓహెచ్ మైనస్

ఆమ్లంలో ఐదు ఎలక్ట్రాన్లు తీసుకున్న పర్మాంగనేట్ ఇక్కడ మూడే తీసుకుంది. బాగా గాఢమైన క్షారంలో ఒక్కటే తీసుకుని ఆకుపచ్చని మాంగనేట్ దగ్గర ఆగిపోగలదు. అందుకే యానకం చూడకుండా పర్మాంగనేట్ తుల్యాంక భారం (మోలార్ భారాన్ని తీసుకునే ఎలక్ట్రాన్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది) చెప్పకూడదు.

ఆప్షన్లలో అర్ధ చర్యలు ఇచ్చినప్పుడు ముందు ఎలక్ట్రాన్లు ఏ వైపు ఉన్నాయో చూడండి. ఎడమవైపు ఉంటే క్షయకరణం, కుడివైపు ఉంటే ఆక్సీకరణం. ఎలక్ట్రాన్లు రాయకుండా ఇస్తే మారిన మూలకం సంఖ్య ఎక్కిందా దిగిందా చూడాలి. సరైన సమీకరణం ఎంచుకోమంటే రెండు వైపులా ఆవేశం కూడండి. తప్పు ఆప్షన్లు చాలాసార్లు అక్కడే దొరికిపోతాయి. ప్రమాణ పొటెన్షియల్ పట్టికలో (ఎలక్ట్రాన్లు తీసుకునే మొగ్గును వోల్టుల్లో చూపే పట్టిక) అన్నీ క్షయకరణ అర్ధ చర్యలుగానే రాసి ఉంటాయి, ఆమ్లంలో పర్మాంగనేట్‌కు +1.51, ఫెర్రిక్‌కు +0.77, కాపర్‌కు +0.34, జింక్‌కు −0.76 వోల్టులు. అర్ధ చర్యను తిప్పి రాస్తే గుర్తు మారుతుంది. ఫెర్రస్ అర్ధ చర్యను ఐదుతో గుణించినా 0.77ను ఐదుతో గుణించకూడదు. పర్మాంగనేట్, ఫెర్రస్ చర్యకు వచ్చే విలువ 1.51లోంచి 0.77 తీస్తే 0.74, అంతే. ఇదే పట్టిక చూస్తే ఆ టైట్రేషన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు పోస్తామో కూడా తెలుస్తుంది. క్లోరిన్‌ది +1.36, పర్మాంగనేట్‌ది దానికన్నా ఎక్కువ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కొంత పర్మాంగనేట్ క్లోరైడ్‌ను ఆక్సీకరించడానికి ఖర్చయి బ్యూరెట్ రీడింగ్ పెరిగిపోతుంది. నత్రికామ్లం పోస్తే అదే ఫెర్రస్‌ను ఆక్సీకరించే అవకాశం ఉంది, అప్పుడు రీడింగ్ తగ్గిపోతుంది.

మీరు చేయడానికి మూడు ఇస్తున్నాను. సోడియం థయోసల్ఫేట్‌కు విలీన ఆమ్లం కలిపితే గంధకం, సల్ఫర్ డయాక్సైడ్ వస్తాయి. డైక్రోమేట్‌కు క్షారం కలిపితే క్రోమేట్ వస్తుంది. తెల్ల భాస్వరాన్ని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో వేడి చేస్తే ఫాస్ఫీన్, సోడియం హైపోఫాస్ఫైట్ వస్తాయి. వీటిలో ఒకదానికి అర్ధ చర్యలే ఉండవు, అదేదో కారణంతో రాయండి. భాస్వరం లెక్కలో ఒక భాస్వరం అణువు ఫాస్ఫీన్‌గా మారడానికి పన్నెండు ఎలక్ట్రాన్లు తీసుకోవాలి, ఇంకో అణువు హైపోఫాస్ఫైట్‌గా మారుతూ నాలుగు ఇవ్వాలి. మీకు ఆ సంఖ్యలు రాకపోతే మీరు రాసిన అర్ధ చర్యలు రెండూ ఇక్కడ పెట్టండి, ఏ మెట్టు దగ్గర తప్పిందో చూసి చెబుతాను.